మాస్టారు అంటించి ఇచ్చిన కవరు

చెల్లో పెట్టెని చూసి అనుమానపడని మనిషిని భిలాయిలో నేనింతవరకూ చూడలేదు. రైలెక్కితే టీసీ వచ్చి "ఇస్‌మే క్యా హై?" అంటాడు. బాజా అంటాను. "ఇత్‌నా బడా బాజా?" అని పెట్టె చుట్టూ ఓ ప్రదక్షిణం చేస్తాడు. పెళ్లిలో వాయించడానికి వెళ్తే పెళ్లికూతురి మేనమామ వచ్చి, పుచ్చకాయ కొనేవాడిలాగ పెట్టె మీద వేళ్లతో కొట్టి చూస్తాడు. ఓసారి దుర్గ్‌లో ఆ పెట్టెతో రిక్షాలో వెళ్తూంటే ఓ ముసలావిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. ఎవరో పోయేరనుకుంది పాపం. నేనూ తల దించుకునే కూచున్నాను. కాదని చెప్తే ఆవిడ దణ్ణం వేస్టయిపోతుంది కదా!

చెల్లో తెలీనివాళ్లకి ఒక్క మాట. వయొలిన్‌కి మేనమామ అనుకోండి. భారీ మనిషి, బరువైన గొంతు, కుర్చీ వేసి కూచోబెడితే తప్ప నోరు విప్పడు. దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, కమాను అడ్డంగా లాగుతూ వాయించాలి. నేను దాని మీద వర్ణాలూ కృతులూ వాయించి బతికేను, పిల్లలకి చెప్పి బతికేను. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ తెగిపోయింది. బడి నన్ను వొదిలిందో నేను బడిని వొదిలేనో, ఇప్పటికీ తప్పు నీదంటే నీదని చెప్పుకుంటూనే ఉన్నాం.

మా నాన్న బొబ్బిలి పక్కనించి వచ్చి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్సులో చేరేడు. నేను బడి మానేసేక మా సెక్టార్ మార్కెట్లో ఓ సైకిలు షాపులో పెట్టేడు. అక్కడ నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, చక్రం వంకర తియ్యడం. చక్రాన్ని తిప్పుతూ స్పోకుల్ని ఒక్కొక్కటే వేలితో మీటుతాను. బిగువు సరిపోయినది ఒకలాగ మోగుతుంది, వదులుగా ఉన్నది ఇంకోలాగ. కళ్లు మూసుకుని చక్రం సరిచేస్తానని మార్కెట్లో నాకో పేరుండేది.

డెబ్బైల మధ్యలో ఓ సాయంత్రం అలాగే మీటుకుంటూ పోతున్నాను. పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఎటో చూస్తూ, "ఆ ఏడోది తగ్గింది" అన్నాడు.

"ఏడోది కాదండి, ఎనిమిదోది. ఏడోది బాగానే ఉంది, మీకే వినపడ్డం తగ్గింది" అన్నాను.

ఆయన వంగి మీటి చూసేడు. ఎనిమిదోదే. అప్పుడు నన్ను పైనించి కిందకి చూసేడు, దొంగసొత్తుని చూసినట్టు.

"నీకు సంగీతం ఎవరు నేర్పేరు?"

"ఈ సైకిలేనండి. ఫీజు తీసుకోదు, బెల్లొకటి కొట్టమంటుంది."

ఆయన నవ్వలేదు. తరవాత ఏడేళ్లలోనూ నవ్వలేదు. గురువారం సాయంత్రం తన క్వార్టరుకి రమ్మన్నాడు.

ఆయనే నా మాస్టారు. ప్లాంటు స్టోర్సులో గుమాస్తా. చిన్నప్పుడు విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్నాడు. ఇక్కడికొచ్చేక, ప్లాంటు కట్టడానికొచ్చిన ఓ రష్యన్ ఇంజనీరు భార్య దగ్గర చెల్లో చూసి, పట్టుకోవడం అడిగి తెలుసుకుని, మన రాగాల్ని దాని మీదకెక్కించేడు. ఆవిడ ఊరెళ్లిపోతూ తన చెల్లో ఈయనకే వొదిలేసింది. అంత వస్తువుని ఊరికే ఎందుకిచ్చిందని సెక్టార్‌లో చాలామందికి అనుమానం. మాస్టారికి మాత్రం మిగతా అందరి మీదా అనుమానం. ఆయన్నీ తప్పుపట్టలేం. ఇరవై ఏళ్లు స్టోర్సులో నట్లూ బోల్టులూ సరిచూసిన మనిషి. ప్రపంచంలో ప్రతీదీ చిట్టాలో ఉన్నదానికన్నా ఒకటి తక్కువే ఉంటుందని ఆయన నమ్మకం.

నా వాయింపూ ఒకటి తక్కువే. ఏం వాయించినా "మళ్లీ" అనేవాడు. బాగుంటే ఏమీ అనడు. నాకేమో మాటకి మాట పడకపోతే ఊపిరాడదు.

"రాత్రి కల్లో మీరు శభాష్ అన్నారు మాస్టారూ."

"ఏ రాగం వాయించేవు?"

"మోహన."

"అయితే కలే."

ఒకటి రెండేళ్లలో నన్ను పందిళ్లలో తన వెనక కూచోబెట్టుకున్నాడు. ఆ తరవాత తన చెల్లో ఇచ్చి ఒక్కణ్ణే పంపేడు, జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల పూజకి. అక్కడో తాతగారు అరగంట ఓపిగ్గా విని, "బాబూ, కొయ్యడం అయిపోయిందా? ఇంక వాయించడం ఎప్పుడు?" అని అడిగేడు. అలాగ నా కచేరీలు మొదలయ్యేయి. అయితే వాటితో కడుపు నిండదు. పగలు పంక్చర్లు, గురువారాలు పాఠం, పండగలకి పందిరి.

ఎనభైలు మొదలైన కొత్తలో మా షాపు యజమాని మార్కెట్లో షాపు తీసేసి ఊరి చివర హథ్‌ఖోజ్‌లో చిన్న వర్క్‌షాపు పెడతానన్నాడు. నన్నూ రమ్మన్నాడు. అక్కడ మూడు షిఫ్టులు, లేతు మిషను, వేళ్ల సందుల్లో ఇనప రజను. షిఫ్టుకెళ్తే గురువారాలుండవు, పందిళ్లుండవు. ఓసారి లేతు మీద చెయ్యి పడ్డాక ఆ చేత్తో తీగ మీద గమకం పట్టలేను. అది నాకు బాగా తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను భయపడ్డానంటే ఎవరూ నమ్మరు. అదీ జోకే అనుకుంటారు.

సరిగ్గా అప్పుడే మా సెక్టార్ క్లబ్బు వాళ్లు పిల్లలకి తీగ వాయిద్యాల క్లాసు పెడతామన్నారు. రష్యన్లు వెళ్తూ వొదిలేసిన వయొలిన్లు నాలుగు, చిన్న సైజు చెల్లోలు రెండు క్లబ్బు స్టోరురూములో దుమ్ము తింటున్నాయి. వాటికి మాస్టారొకడు కావాలి. న్యాయంగా అది మా మాస్టారి కుర్చీ. కానీ ప్లాంటు ఉద్యోగి ఇంకోచోట ఉద్యోగం చెయ్యకూడదు. ఆయన అడిగేడనీ, రూలు చూపించి కుదరదన్నారనీ మార్కెట్లో విన్నాను. ఆయన నాతో ఆ మాటెత్తలేదు. అప్పుడే నాకు అనుమానం పురుగు తొలవడం మొదలెట్టింది.

నేను క్లబ్బుకి వెళ్లి అడిగేను. సెక్రటరీ ప్లాంటులో ఇంజనీరు, విశాఖపట్నం మనిషి.

"చదువు?" అన్నాడు.

"ఎనిమిది."

"పాసా?"

"దాని గురించి బడీ నేనూ ఇంకా మాటాడుకోలేదండి."

"సర్టిఫికెట్ ఏదేనా?"

"పంక్చరు వేసిన ట్యూబులున్నాయి."

ఆయన నవ్వేసేడు. "చూడవోయ్, కమిటీ ముందు జోకులు చెల్లవు. మీ మాస్టారి చేత ఓ ఉత్తరం రాయించి తీసుకురా. ఆయన మాటంటే మాకు గురి. ఆయన సరేనంటే నువ్వే."

అంటే నా బతుకు హథ్‌ఖోజ్‌కి పోతుందో క్లబ్బులో ఉంటుందో తేల్చేది మాస్టారి కలం. తనకి దక్కని కుర్చీకి నన్ను సిఫార్సు చెయ్యాలి ఆయన!

గురువారం వెళ్లి చెప్పేను. ఆయన లోపలికి పోయేడు. అరగంటయింది. ఉత్తరానికి అరగంటా? ఛార్జిషీటైనా పావుగంటలో రాసేస్తారు. కవరు పట్టుకుని బయటికొచ్చేడు. అంచులు గోందుతో అంటించేసి ఉన్నాయి.

"సెక్రటరీ చేతికియ్యి. నువ్వు తెరవకు."

"ఏం రాసేరు మాస్టారూ?"

"ఉన్నది రాసేను."

ఈ ముక్క విన్న శిష్యుడెవడికైనా నిద్ర పడుతుందా చెప్పండి. బాగా రాసేనంటే బాగుండును. రాసేనులే ఫో అన్నా బాగుండును. ఉన్నది అంటే ఏటి? నాలో ఉన్నదేటో ఏడేళ్లుగా ఆయన ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు ఎండలో కవరు పైకెత్తి చూసేను. నీడలాగ అక్షరాలు కనిపించేయి. గుండ్రంగా, జిలేబీ చుట్టల్లాగ. తెలుగు! అనుమానం రెట్టింపయింది. సెక్రటరీకి ఇంగ్లీషొచ్చు, హిందీ వచ్చు. ఆయనా మాస్టారూ ఆఫీసులో ఇంగ్లీషులోనే రాసుకుంటారు. మరి ఇది తెలుగులో ఎందుకు? ఎందుకంటే నాకు తెలుగు చదవడం రాదు. అది మాస్టారికి తెలుసు. మా ఇంట్లో తెలుగు మాటాడుకోడానికీ తిట్టుకోడానికీ మాత్రమే. నా ఎనిమిది క్లాసులూ హిందీలోనే. ఇక్కడ పుట్టినవాళ్లం చాలామందిమి అంతే. (ఇప్పుడీ రాసే అక్షరాలు పెళ్లయ్యేక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే ఆవిడవి.)

మధ్యాహ్నం పొయ్యి మీద టీ గిన్నె పెట్టి, ఆ ఆవిరి మీద కవరు పట్టేను. అమ్మ వెనక నించి వచ్చింది.

"ఏట్రా, కాయితానికి ఆవిరి పడతన్నావు? జలుబు సేసిందేటి దానికి?"

"మాస్టారిచ్చిన ఉత్తరమే. ఏం రాసేడో చూద్దారని."

"తప్పురా."

"నువ్వు చదువుతావేటి?"

"నాకు సదువొస్తే నిన్ను సదివించీదాన్ని కానూ?" అని తనూ పక్కన కూచుంది.

ఇద్దరం కాయితం మీద పడ్డాం, ఒక్క అక్షరం రానివాళ్లం. పదకొండు లైన్లు. కింద సంతకం. మధ్యలో ఒక మాట కింద మాత్రం రెండు గీతలు గట్టిగా గీసి ఉన్నాయి. కలం కాయితంలోకి దిగిపోయింది.

"ఇదేదో నీ పేరేమోరా" అంది అమ్మ.

"నా పేరు అంత చిన్నది కాదు. ఇది రెండే చుట్టలు."

మంచి మాట కింద ఎవడైనా రెండు గీతలు గీస్తాడా? స్టోర్సులో సామాను తగ్గితేనే అలాగ గీస్తారు. ఆ రెండు చుట్టల్నీ బొమ్మ గీసినట్టు అరచేతిలో దించుకుని, మార్కెట్లో ఇడ్లీ బండి మావయ్య దగ్గరికి పరిగెత్తేను. శ్రీకాకుళం ఆయన, తెలుగు పేపరు చదువుతాడు.

"మావయ్యా, ఇదేటి?"

నా చెయ్యి పట్టుకుని, వెనక్కి వొంచి చదివేడు. "నోరు."

"నోరా?"

"నోరే. ఎవుడి నోరు?"

"నాదే. దీని కింద రెండు గీతలు గీసేరు."

"నీ నోటికా? రెండు సాలవు" అని ఇడ్లీల మూత తీసేడు.

అంతే, మాస్టారు అన్నంత పనీ చేసేడు. ఉన్నది రాసేడు. వీడికి నోరెక్కువ, పిల్లల దగ్గర పెట్టొద్దు అని. తనకి రాని కుర్చీ నాకెందుకు రావాలి? ఏడేళ్లలో నేనాయన మీద వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చేయి. అన్నీ బాగున్నాయి, అదే బాధ.

ఉత్తరం ఇవ్వకపోతే ఉద్యోగం రాదు. ఇస్తే పోతుంది. అయినా పోయేదేదో సెక్రటరీ నోటి మీదుగా పోతే, కనీసం ఏం రాసేడో తెలుస్తుంది కదా అనుకుని మళ్లీ అంటించడానికి కూచున్నాను. మా ఇంట్లో గోందెక్కడిది? రాఖీ కవరైనా పెళ్లి శుభలేఖైనా మేం అన్నం మెతుకుల్తోనే అంటిస్తాం. గిన్నె మూత తీసేను. ఆ రోజు అమ్మ ఏదో మొక్కుందని అన్నమంతా పులిహోర కలిపేసింది. తెల్ల మెతుకు ఒక్కటి లేదు. నాలుగు మెతుకులు నీళ్లలో రెండుసార్లు కడిగి, వేలితో నలిపి, అంటించేను. అతుక్కుంది. రంగు కొద్దిగా ఉందనుకున్నాను, అంతే.

ఆదివారం పొద్దున్న క్లబ్బులో కమిటీ కూచుంది. సెక్రటరీ, పక్కనే మన తెలుగు ఆఫీసరొకాయన, ఆయన పక్కన ఓ హిందీ ఆయన. కవరిచ్చేను. సెక్రటరీ దాన్ని తిప్పేడు. అంచు పొడుగునా పసుపు. మధ్యలో చిన్న ఆవగింజ. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంగువ" అన్నాడు.

పక్కాయన తీసుకుని వాసన చూసేడు. "పులిహోరే. మాస్టారు గోందు సీసా లేకుండా ఊపిరి పీల్చడు. పులిహోరతో అంటిస్తాడా?"

హిందీ ఆయన "క్యా హువా భయ్యా?" అని, ఆయనా వాసన చూసేడు.

కవరు తెరిచేవా అని సెక్రటరీ అడిగేడు. తెరిచేనన్నాను. ఆవగింజ కూచుని చూస్తూంటే అబద్ధమెలా ఆడతాను? ఆయన లోపలి కాయితం గబగబా చదివి, మొహం ముడిచేడు.

"ఇది ఆయన రాసిందేనని ఏమిటి నమ్మకం? తెరిచినవాడివి మార్చి పెట్టలేవా? ఇందులో నీ గురించి ఆయన అనని మాటలున్నాయి."

"నాకు తెలుగు రాయడం రాదండి. చదవడమే రాదు."

ముగ్గురూ నా మొహం చూసేరు. తెలుగువాడివై ఉండి తెలుగు రాదా అని తెలుగాయన గోడ మీది తెలుగు కేలండరు తీసి నా చేతిలో పెట్టేడు. "చదువు."

నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసేను. వెతగ్గా వెతగ్గా తెలిసినదొక్కటి కనిపించింది.

"ఇది సున్నా అండి."

ముగ్గురూ పగలబడి నవ్వేరు. "వీడి నటన బాగుందయ్యా, ఈసారి మన నాటకంలో వేషమిద్దాం" అన్నాడు తెలుగాయన. జన్మలో మొదటిసారి నిజం చెప్తున్నాను, జోకు పేలినట్టు పేలింది. సంగీతం చెప్పే ఉద్యోగం కోసం వచ్చి, అక్షరం రాదని ప్రమాణం చేసుకోవలసిన ఖర్మ నాకే పట్టింది.

సెక్రటరీ మాస్టారికి కబురెట్టేడు. పావుగంటలో ఆయన సైకిలు గంట వినపడింది. లోపలికొచ్చి, నిలబడే కవరు తీసుకున్నాడు. సామాను తనిఖీ చేసినట్టు ముందు అంచు చూసేడు, తరవాత వెనక చూసేడు, గోటితో ఆవగింజని తీసి బల్ల మీద పెట్టేడు. కాయితం విప్పి పదకొండు లైన్లూ వేలు పెట్టి చదివేడు. నాకేసి ఒక్కసారీ చూళ్లేదు.

"ఇది మీరు రాసిందేనా మాస్టారూ?" సెక్రటరీ అడిగేడు.

"అక్షరాలు నావి. మెతుకులు నావి కావు."

"అయితే వాడికీ వినపడేటట్టు చదువుతాను" అని సెక్రటరీ పైకి చదివేడు. నాకు మాట మాటా గుర్తుంది.

"ఇతను నా దగ్గర ఏడేళ్లు నేర్చుకున్నాడు. చెవి నాకన్నా మంచిది. ఎడమ చెయ్యి ఇంకా గట్టిపడాలి. చదువు లేదు, కాబట్టి పుస్తకం చూసి చెప్పడు, పిల్ల వాయించినది విని చెప్తాడు. నోరు అదుపులో ఉండదు. పిల్లలకి అదే కావాలి. నాకా నోరు లేక నా దగ్గర చేరినవాళ్లందరూ మానేసేరు, ఇతనొక్కడే మిగిలేడు. ఒక్క లోపం, అనుమానం మనిషి. అది నా దగ్గర నేర్చుకున్నదే."

నేను బల్ల మీది ఆవగింజకేసి చూస్తూ నిలబడ్డాను.

మాస్టారు సెక్రటరీ చేతిలోంచి కాయితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అంటించి ఇచ్చిన సామాను సీలు తెగి వస్తే మా స్టోర్సులో వెనక్కి పంపిస్తాం. ఈ ఉత్తరం చెల్లదు."

"అంటే, వద్దంటారా?" సెక్రటరీ సందేహంగా అడిగేడు.

"ఉత్తరం వద్దన్నాను. మనిషిని మీరే చూసుకోండి. వాయించమని అడక్కండి, పందిళ్లలో విన్నారు కదా. చెప్పమనండి."

సెక్రటరీ కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, బయట కేరమ్స్ ఆడుతోంది. పిలిచేరు. స్టోరురూములోంచి చిన్న చెల్లో తెప్పించేరు. తీగలు మూడే ఉన్నాయి. ఊరి నిండా ఉక్కే, చెల్లో తీగ ఒక్కటి తెగితే కలకత్తా నించి రావాలి. ఉన్నవి బిగించి శ్రుతి చేసేను. పిల్ల మొహం బిగిసిపోయింది. వాళ్ల నాన్న కళ్లు నా మీద, మాస్టారి కళ్లు గోడ మీద.

"ఇదిగో పాపా, ఈ లావు తీగ మీ నాన్న. మెల్లిగా ముట్టుకుంటే గుర్రుమంటుంది, గట్టిగా నొక్కితే అరుస్తుంది. మీ నాన్నని అరవకుండా ఎలా పిలుస్తావు?"

పిల్ల కిసుక్కుమంది. భుజం దిగింది. కమాను చేతికిచ్చి, చెయ్యి మీద చెయ్యి వేసి ఒక్కసారి లాగించి వొదిలేసేను. రెండోసారి తనే లాగింది. కీచుమంది. "అరిచేరు" అన్నాను. మూడోసారి ఇంకా మెల్లిగా లాగింది. బరువుగా, గుండ్రంగా, ఒక్కటే స్వరం, గదిలో నిలబడింది.

"పాపా హంస్ రహే హైఁ!" అంది పిల్ల వాళ్ల నాన్నని చూపించి. నిజంగానే నవ్వుతున్నాడు.

ఆర్నెల్లు చూస్తామన్నారు. ప్రతి క్లాసుకీ కమిటీ మనిషొకడు వెనక కూచుంటాడన్నారు. కవరు తెరిచినవాడికి ఆ మాత్రం కాపలా ఉండాలిట. సరేనన్నాను. హథ్‌ఖోజ్ తప్పిపోయింది.

బయటికొచ్చేసరికి మాస్టారు సైకిలు తాళం తీస్తున్నాడు.

"మాస్టారూ, తప్పయిపోయింది."

"గురువారం రావద్దు."

"ఈ గురువారమా? ఏ గురువారమూనా?"

"క్లబ్బులో క్లాసుంటుంది కదా, ఎలా వొస్తావు?" అని సైకిలెక్కి వెళ్లిపోయేడు.

క్లాసులు సోమ, బుధ, శనివారాలని గోడ మీద నోటీసుంది. ఆయన దాని పక్కనే నిలబడి తాళం తీసేడు. చిట్టాలో సున్నా తప్పితే పట్టుకునే మనిషి, వారం చదవలేడా? నన్ను తోసేసేడో, ఇంక నేర్చుకోవలసిన వాడివి కావని చెప్పేడో, ఆయన మొహం చూస్తే తేలదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

గురువారం అలవాటు కొద్దీ వెళ్లేను. తలుపు వేసుంది. లోపల చెల్లో మోగుతోంది. కొట్టకుండా మెట్టు మీద కూచున్నాను. అంతకుముందు వారం సగంలో ఆపేసిన కృతి. నాకింకా చెప్పని సగం వాయిస్తున్నాడు. అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ వాయించడు. ఒకసారి వాయించి, ఆగి, మళ్లీ మొదట్నించీ వాయించేడు. మూడోసారీ అంతే. నాలుగోసారికి నా వేళ్లు మోకాలి మీద తమ చోట్లకి తామే పడ్డాయి. తనకోసం సాధన చేసుకుంటున్నాడో, బయట నేనున్నానని తెలుసో.

ఆయన తలుపు తియ్యలేదు. నేను కొట్టలేదు. ఆపై గురువారం వెళ్తే వీధి వేపు కిటికీ రెక్క ఒకటి తెరిచుంది. గాలికే తెరుచుకుని ఉంటుందని నా అనుమానం.